మారుటేరు విత్తు.. మేదినీపూర్ గాదె

ఖరగ్‌పూర్: మే నెలాఖరున రోహిణి కార్తె ప్రవేశించగానే ఉత్తరాంధ్ర రైతు గాదె మూత తీసి విత్తనపు వడ్లను ఎండకు పోస్తాడు. సరిగ్గా అదే రోజుల్లో ఖరగ్‌పూర్‌కు పడమట ఉన్న ఎర్రమట్టి గ్రామాలలో ‘రొహిన్’ పండుగ జరుగుతుంది. బెంగాలీ పంచాంగం ప్రకారం జ్యేష్ఠ మాసం పదమూడో తేదీన పొలం నుంచి గుప్పెడు మట్టి ఇంటికి తెచ్చి పదిలపరుస్తారు. దాచిన వడ్లలో తొలి పిడికెడు ఆ రోజున నేలలో పడుతుంది. పశ్చిమ మేదినీపూర్, ఝార్‌గ్రామ్, బాంకురా, పురులియా జిల్లాలలో వరి సాగుకు ఇదే ఆరంభ ముహూర్తం. పేరులోనూ, వేళలోనూ మన రోహిణికి ఇంత దగ్గరగా ఉన్న ఈ పండుగ ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారికి పరాయిదిగా తోచకపోవచ్చు.

కిలోమీటరుకు మించిన పొడవైన ప్లాట్‌ఫారంతో ప్రసిద్ధికెక్కిన ఈ రైల్వే పట్టణానికి తెలుగువారు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వచ్చారు. పందొమ్మిదో శతాబ్ది చివర జంక్షన్ ఏర్పడి, ఆ తర్వాత వర్క్‌షాపు వెలియడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి కార్మికులు తరలివచ్చారు. ఆ రైల్వేలో 1920వ దశకం చివర జరిగిన కార్మిక పోరాటంలో తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ముఖ్య పాత్ర వహించారు. పట్టణంలో తెలుగువారి సంఖ్యను దృష్టిలో ఉంచుకుని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించింది.

మనుషుల వలస అందరికీ తెలిసినదే. అయితే తెలుగు నేల నుంచి మేదినీపూర్ పొలాలకు మరో వలస కూడా జరిగింది. దానికి టికెట్టు లేదు, రికార్డు అసలే లేదు. అది వరి విత్తనం వలస.

గోదావరి డెల్టాలోని మారుటేరు వ్యవసాయ పరిశోధన కేంద్రంలో వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరచి రూపొందించిన ఎం.టి.యు. 7029 రకం 1980వ దశకం ఆరంభంలో రైతులకు అందింది. గింజ పైపొట్టు బంగారు ఛాయలో ఉండడంతో దానికి ‘స్వర్ణ’ అనే పేరు స్థిరపడింది. సుమారు ఐదు నెలల పంట. పొట్టి మొక్క కావడంతో పడిపోదు. ఎరువు కాస్త తక్కువైనా దిగుబడి పూర్తిగా కుంగిపోదు. ఈ గుణాల వల్ల అది ఆంధ్ర సరిహద్దులు దాటి ఒరిస్సా, బెంగాల్, బీహార్ పల్లపు భూములను ఆక్రమించింది. బెంగాల్ రైతు అమన్ అని పిలిచే వానకాలపు పంటలో స్వర్ణ దశాబ్దాలుగా అగ్రస్థానంలో ఉంటూ వచ్చింది. ఉప్పుడు బియ్యానికీ, ఆ ప్రాంతంలో ప్రతి ఇంటా తినే మురమురాలకూ అనువుగా ఉండడం దానికి మరింత కలిసివచ్చింది.

ఇంత విస్తీర్ణానికి ఒక రకం వ్యాపించడానికి ప్రభుత్వ ప్రచారం ఒక్కటే కారణం కాదు. స్వర్ణ హైబ్రిడ్ కాదు. ఈ ఏడాది పండిన వడ్లనే వచ్చే ఏడాది విత్తనంగా వాడుకోవచ్చు. బస్తా వడ్లు బావమరిదికో, పొరుగూరి మిత్రుడికో ఇస్తే ఆ ఊరూ స్వర్ణ ఊరే అవుతుంది. దుకాణం, డీలరు, సబ్సిడీ కూపను ఏవీ లేకుండా రైతు గాదె నుంచి రైతు గాదెకు సాగిన ప్రయాణమది. విత్తనం దాచుకోవడం పాతకాలపు అలవాటు, ఆధునిక వంగడాలు దానికి విరుద్ధం అనే అభిప్రాయం పట్టణాలలో బలంగా ఉంది. ఆ అభిప్రాయం తప్పని చెప్పడానికి స్వర్ణను మించిన సాక్ష్యం అక్కర్లేదు.

కేళీలతో వచ్చే చిక్కు

అయితే దాచుకున్న విత్తనానికి దాని ఇబ్బందులు దానికున్నాయి. కళ్లంలో రెండు రకాల వడ్లు కలిసినా, నూర్పిడి యంత్రంలో పక్క పొలం గింజలు మిగిలిపోయినా మరుసటి ఏడు చేనులో పొడవు మొక్కలు, ముందే వెన్నువేసే మొక్కలు కనిపిస్తాయి. వీటినే మన రైతులు కేళీలు అంటారు. పూత దశలోనూ, కోతకు ముందూ వాటిని ఏరివేయకపోతే మూడు నాలుగేళ్లలో పంట ఏ రకానిదో గుర్తుపట్టడం కష్టమవుతుంది. వరి వంటి స్వపరాగ సంపర్క పంటలలో మూడు నాలుగేళ్లకొకసారి ధ్రువీకృత విత్తనం తెచ్చి, మధ్య సంవత్సరాలలో సొంత విత్తనం వాడుకోవాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చేసే సూచనకు మూలం ఇదే. ధ్రువీకృత వరి విత్తనంలో భౌతిక స్వచ్ఛత 98 శాతం, మొలక 80 శాతం ఉండాలన్నది నిబంధన. శ్రద్ధగల రైతు ఇంటి విత్తనం ఈ పరీక్షలో నెగ్గడం అసాధ్యమేమీ కాదు.

పరీక్ష ఖర్చులేనిది. నూరు గింజలు లెక్కించి తడి గోనెసంచి ముక్కలో చుట్టి నీడన ఉంచి, వారం తర్వాత మొలకలు లెక్కపెట్టాలి. ఎనభైకి తగ్గితే ఆ మేరకు విత్తు పెంచడమో, వేరే విత్తనం వెతకడమో చేయాలి. నారుమడికి ముందు ఈ పని చేయని రైతు నెల తర్వాత తన నష్టాన్ని మడిలోనే చూసుకుంటాడు.

నిల్వ సంగతికి వస్తే శత్రువులు రెండే: తేమ, వేడి. పురుగు, బూజు ఈ రెంటి వెంట వచ్చేవే. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుర్దాయం సుమారు రెట్టింపు అవుతుందని, నిల్వ ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గినా అంతే ఫలితం ఉంటుందని విత్తన శాస్త్రంలో హారింగ్టన్ సూత్రం చెబుతుంది. మామూలు సంచిలో నిల్వచేసే వరి విత్తనంలో తేమ 13 శాతం మించరాదు. గాలి చొరబడని డబ్బాలో పెట్టదలిస్తే 8 శాతానికి దించాలి. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. సరిగా ఆరని వడ్లను ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టడం కంటే గోనెసంచిలో వదిలేయడమే మేలు. గోనెలో గింజ గాలి పీల్చుకుంటుంది. ప్లాస్టిక్‌లో సొంత తేమకే ఉడికిపోతుంది.

తేమ కొలిచే యంత్రం లేనివారికి ఉప్పు ఉంది. బాగా ఎండిన ఉప్పు, గింజలు కలిపి మూత బిగించిన గాజు సీసాలో కాసేపు కుదిపి ఉంచితే, ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజలో తేమ 15 శాతం దాటినట్లు లెక్క. పంటితో కొరికినపుడు కటుక్కుమని విరగాలన్న పాత పరీక్ష కూడా చెప్పేది ఇదే.

కోస్తా ఆంధ్రలో గడ్డివెంటి చుట్టి కట్టే ‘పురి’నీ, రాఢ బెంగాల్‌లో గడ్డితాడుతో చుట్టే ‘పుడా’నూ పక్కపక్కన పెడితే రెండింటికీ ఒకే పనివాడు అనిపిస్తుంది. గడ్డి తేమను కొంత తాను పీల్చుకుని కొంత బయటికి వదులుతుంది. తెలంగాణలో ఎర్రమన్ను, పేడ అలికిన గుమ్ములు, బుట్టలు. కూరగాయ విత్తులకు ఎండిన సొరకాయ బుర్రలు. పప్పుధాన్యాలకు బూడిద, వేపాకు. బూడిద చేసే పని మహిమ కాదు. సన్నని పొడి గింజల మధ్య సందులు నింపి పురుగు కదలికను అడ్డుతుంది, పురుగు దేహంపై మైనపు పొరను గీరి దాన్ని ఎండబెడుతుంది. పురుగు శాస్త్రం పుట్టకముందే ఇంటి ఆడవారికి ఈ కిటుకు తెలుసు.

1942 నేర్పిన లెక్క

విత్తనం దాచడం ఇంటి పొదుపు మాత్రమే కాదని ఈ జిల్లాకు తెలిసినంతగా మరో జిల్లాకు తెలియదు. 1942 అక్టోబరు 16న అవిభక్త మేదినీపూర్ జిల్లా తీరాన్ని తుపాను, దాని వెంట ఉప్పెన ముంచెత్తాయి. సుమారు 14,500 మంది ప్రజలు, 1,90,000 పశువులు చనిపోయినట్లు తర్వాత నియమితమైన కరవు విచారణ సంఘం పేర్కొంది. చేతికందవలసిన అమన్ పైరుతో పాటు రైతుల ఇళ్లలోని నిల్వలు కూడా నాశనమయ్యాయని ఆ సంఘం నమోదు చేసింది. రైతు ఇంట నిల్వ పోవడమంటే తిండితో పాటు మరుసటి ఏటి నారుమడి కూడా పోవడమే.

అదే ఏడు బెంగాల్ వరిపై గోధుమరంగు మచ్చ తెగులు విజృంభించింది. చిన్సురా, బాంకురా పరిశోధన కేంద్రాల దిగుబడి లెక్కలను కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రవేత్త ఎస్.వై.పద్మనాభన్ తర్వాత పరిశీలించి 1973లో ఒక వ్యాసం ప్రచురించారు. రకాన్ని బట్టి నష్టం సుమారు 40 శాతం నుంచి 90 శాతం వరకు ఉన్నట్లు అందులో చూపారు. 1943 కరవుకు తెగులే మూలమా, లేక అమర్త్య సేన్ 1981లో వాదించినట్లు ధరలు, కొనుగోలు శక్తి, ప్రభుత్వ విధానాలా అన్న చర్చ వేరు. విత్తనానికి సంబంధించినంత వరకు ఆ లెక్కలలో గమనించదగిన అంశం ఒక్కటే: అన్ని రకాలూ ఒకేలా చావలేదు. కేంద్ర వరి పరిశోధన సంస్థ 1946లో నెలకొనడానికి ఆ కరవు అనుభవమే ప్రేరణ.

మారుటేరు విత్తుకు రెండో ముఖం ఇక్కడ కనిపిస్తుంది. ఏ సుగుణాల వల్ల స్వర్ణ రైతులకు ప్రియమైందో ఆ సుగుణాలే వందలాది స్థానిక రకాలను పొలం నుంచి వెళ్లగొట్టాయి. బెంగాల్‌లో ఒకప్పుడు ఐదు వేలకు పైగా వరి రకాలు ఉండేవని, వాటిలో అత్యధిక భాగం పొలాల నుంచి అదృశ్యమైందని పర్యావరణ శాస్త్రవేత్త దేబల్ దేబ్ అంటున్నారు. మిగిలినవాటిని కూడగట్టేందుకు ఆయన 1997లో ‘వ్రీహి’ పేరుతో విత్తన నిధిని ఆరంభించారు. రైతు నుంచి డబ్బు తీసుకోరు. విత్తనం తీసుకున్నవారు పండించి, తిరిగి ఇచ్చి, మరొకరికి పంచాలి. బాంకురా జిల్లాలో మొదలైన ఆయన ‘బసుధ’ క్షేత్రం తర్వాత ఒడిశాలోని రాయగడ జిల్లా కెరండిగుడకు మారింది. విజయనగరం నుంచి రాయ్‌పూర్ వెళ్లే రైలు మార్గంలో పార్వతీపురం దాటగానే వచ్చే జిల్లా అది. 1,400కు మించిన వరి రకాలను అక్కడ ఏటా తిరిగి పండిస్తున్నారు. శీతల గిడ్డంగిలో పెడితే సరిపోదా అన్న ప్రశ్నకు అక్కడి జవాబు సూటిగా ఉంటుంది: పొలంలో ఉన్న విత్తనం మారుతున్న వానకూ, వేడికీ అలవాటు పడుతుంది, గిడ్డంగిలోనిది పెట్టిన నాటి స్థితిలోనే ఉండిపోతుంది.

2009 మే నెలలో ఐలా తుపాను సుందరవనాల పొలాలను ఉప్పునీటితో నింపినపుడు ఆధునిక రకాలు అక్కడ నిలువలేదు. అప్పుడు వ్రీహి తన వద్ద ఉన్న లాల్ గేటు, నోనా బొక్రా, తాల్ ముగుర్ వంటి ఉప్పును తట్టుకునే పాత రకాలను కొందరు రైతులకు అందించింది. ఆ పైరు పండింది. ‘నోనా’ అంటే బెంగాలీలో ఉప్పన. విత్తనం పేరులోనే దాని ఉపయోగం రాసిపెట్టిన తాతలకు వారసులు పేరును గుర్తుంచుకుని విత్తనాన్ని పోగొట్టుకున్నారు.

తెలుగు నేలపై ఇటువంటి ప్రయత్నానికి జహీరాబాద్ ప్రాంతం పేరు చెప్పాలి. 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో దళిత మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామ, కంది, అనుము వంటి పంటల విత్తులను ఊరి స్థాయిలో నిల్వచేశాయి. అప్పుగా తీసుకున్న విత్తును పంట తర్వాత కొంత అదనంగా చేర్చి చెల్లించడం అక్కడి పద్ధతి. ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్లపై విత్తులు పేర్చి ఊరూరా సాగే పాత పంటల జాతర ఈ సంఘాల పేరును దేశమంతటా వినిపించింది. సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి దక్కింది. దీన్ని దశాబ్దాలపాటు నడిపిన పి.వి.సతీష్ 2023 మార్చిలో మరణించారు.

దుంప విత్తనం పంజాబ్ దయ

వరికి సాధ్యమైన స్వావలంబన పశ్చిమ మేదినీపూర్‌లోనే మరో పంటకు సాధ్యం కాలేదు. గర్బేటా, చంద్రకోణ ప్రాంతాలు బంగాళాదుంపకు పేరుపొందినవి. ఉత్పత్తిలో పశ్చిమ బెంగాల్‌ది దేశంలో రెండో స్థానం. అయినా ఇక్కడి రైతు విత్తనపు దుంపలకు ప్రధానంగా పంజాబ్ వైపు చూడవలసి వస్తోంది. పేనుబంక మోసుకొచ్చే వైరస్‌లు ఇక్కడి దుంపలో ఏటికేడు పోగుపడి దిగుబడిని దిగలాగుతాయి. పంజాబ్‌లో శీతకాలం ఆరంభ వారాలలో పేనుబంక తక్కువ కాబట్టి అక్కడ ఆరోగ్యకరమైన విత్తనం పండుతుంది. పైగా దుంప తేమతో నిండిన సజీవ పదార్థం. వడ్లలా ఎండబెట్టి మూటకట్టడం కుదరదు. ఫిబ్రవరి, మార్చిలలో తవ్వినదాన్ని నవంబరు దాకా రెండు నుంచి నాలుగు డిగ్రీల చలిలో, అద్దె చెల్లించి కాపాడాలి. విత్తనం ధర పెరిగిన ఏడు సన్నకారు రైతు పెట్టుబడి లెక్క అంతా తలకిందులవుతుంది.

దుంప విత్తనమే దేశంలో రైతు హక్కుల చట్టానికి గట్టి పరీక్ష పెట్టింది. ఎఫ్.ఎల్. 2027 అనే చిప్స్ రకాన్ని తన అనుమతి లేకుండా పండించారని పెప్సీకో సంస్థ గుజరాత్ రైతులపై దావాలు వేసింది. కొందరి నుంచి తలా కోటి రూపాయలకు పైగా పరిహారం కోరడంతో 2019 ఏప్రిల్‌లో దేశవ్యాప్తంగా నిరసన పెల్లుబికింది. మే నెలలో సంస్థ దావాలు ఉపసంహరించుకుంది. 2021 డిసెంబరులో ఆ రకం రిజిస్ట్రేషన్ రద్దయింది; 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఆ రద్దును కొట్టివేసింది. రైతులు ఆధారపడినది 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షను. రక్షిత రకమైనా సరే రైతు విత్తనం దాచుకోవచ్చు, తిరిగి నాటవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్మవచ్చు. బ్రాండు పేరుతో అమ్మరాదన్నదే షరతు. ఇటువంటి హక్కును ఇంత స్పష్టంగా చట్టంలో రాసుకున్న దేశాలు తక్కువ.

హక్కు ఉన్నా వాడుకునే వీలులేని విత్తనాలు వేరే ఉన్నాయి. హైబ్రిడ్ గింజను దాచి నాటితే రెండో తరంలో గుణాలు చెదిరిపోతాయి. తెలుగు రాష్ట్రాల పత్తి రైతు ఏటా ప్యాకెట్టు కొనక తప్పని స్థితికి ఇదే మూలం. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించిన తొలి రోజుల్లో ప్యాకెట్టు 1,600 రూపాయల దాకా పలికింది. సాంకేతిక రుసుముపై 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లి పోరాడిన తర్వాతే ధర 750కి దిగింది. 2025-26లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ ధర 901 రూపాయలు.

వేరుశనగది మరో బాధ. అది హైబ్రిడ్ కాదు, దాచుకోవచ్చు. కానీ ఎకరానికి విత్తనం భారీగా కావాలి, ఒక బస్తా విత్తితే తిరిగి వచ్చేది కొద్ది బస్తాలే, నూనెగింజ కనుక మొలకశక్తి త్వరగా పోతుంది. ఒలవకుండా కాయగానే దాచాలి. దాచినా కాయతొలిచే పురుగు వదలదు. అన్నింటినీ మించి, వర్షం తప్పిన ఏడు ఇంట్లో ఉన్న కాయలు అప్పులవాడి పాలవుతాయి. అనంతపురం జిల్లాలో ప్రతి వేసవి చివరా సబ్సిడీ విత్తనకాయల కోసం బారులు తీరిన రైతులను చూసి, వీరికి దాచుకునే తెలివి లేదా అని విమర్శించినవారున్నారు. కరవు సీమలో గింజ దాచడానికి తెలివి కంటే ముందు మిగులు కావాలి.

ప్రభుత్వాల వైపు నుంచి నిల్వ ప్రయత్నం భారీగానే సాగింది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ జన్యునిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. 2008లో నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచుకొండలో ఆరంభమైన ప్రపంచ విత్తన భాండాగారానికి వాటి నకళ్లు వెళ్లాయి. ఢిల్లీలోని జాతీయ జన్యునిధి మైనస్ 18 డిగ్రీల వద్ద నమూనాలను కాపాడుతోంది. వీటి ఉపయోగాన్ని శంకించేవారికి స్వర్ణ చరిత్రలోని తర్వాతి అధ్యాయం జవాబు చెబుతుంది.

స్వర్ణకు ఒక లోపం ఉండేది. నాటిన పైరు వారం పది రోజులు వరదలో మునిగితే కుళ్లిపోయేది. ఒడిశా పల్లపు నేలల ధాలపుట్టియా అనే పాత రకం నుంచి ఎంపికచేసిన ఎఫ్.ఆర్. 13ఎ మాత్రం రెండు వారాల మునకను భరించేది. దిగుబడి తక్కువ కావడంతో రైతులు వదిలేసినా, దాని గింజలను జన్యునిధులు వదలలేదు. మునకను తట్టుకునే జన్యువును శాస్త్రవేత్తలు 2006లో వేరుచేసి గుర్తించారు. దాన్ని స్వర్ణలోకి చొప్పించిన ‘స్వర్ణ సబ్-1’ 2009లో దేశంలో విడుదలైంది. మునగని ఏడు అది మామూలు స్వర్ణలాగే పండుతుంది, మునిగిన ఏడు రెండు వారాల వరకు ప్రాణం నిలుపుకుంటుంది.

ఇదిలా ఉండగా 1966 నాటి విత్తన చట్టం స్థానంలో కొత్త చట్టం తేవాలన్న ప్రయత్నం సుదీర్ఘంగా సాగుతోంది. 2004లో రాజ్యసభ ముందుకు వచ్చిన బిల్లు చట్టం కాలేదు. 2019లో మరో ముసాయిదా వచ్చింది. 2025 నవంబరులో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఇంకొకటి ప్రజాభిప్రాయానికి విడుదల చేసింది. నకిలీ విత్తనాలకు కఠిన శిక్షలు ఉండాలన్న విషయంలో వాదన లేదు. రైతు సంఘాలు కోరుతున్నది ఊరి విత్తన నిధులు, మహిళా సంఘాలు చేసే ఇచ్చిపుచ్చుకోవడాలు కంపెనీల వ్యాపారంతో పాటు ఒకే గాటన కట్టబడరాదని.

పశ్చిమ మేదినీపూర్‌లో అమన్ కోతలు సాధారణంగా నవంబరు, డిసెంబరులలో సాగుతాయి. విత్తనానికి గట్టు పక్క వరుసలు వదిలి, చేను నడుమ బాగా పండిన వెన్నులు ముందుగా కోసి, విడిగా నూర్చి, విడిగా ఆరబెట్టాలి. ఆ వడ్లు మే నెలాఖరు వరకు, అంటే ఆరు నెలలు, ఇంటివారి ఆకలికీ, వ్యాపారి బేరానికీ, ఎలుకకూ చిక్కకుండా ఉండాలి.